విదేశీ సంఘాల సాయం: పిల్లల హోముకా, పిల్లల ఇంటికా?

టెక్సస్ సంఘ సభ్యుడు

అందరికీ వందనాలు. మాది టెక్సస్‌లో ఓ చిన్న తెలుగు సంఘం. ఏటా క్రిస్మస్‌కు ముందు ప్రత్యేక కానుక పట్టి, కర్నూలు జిల్లా ఆదోని వైపు ఒక పాస్టరుగారు నడిపే పిల్లల హోముకు పంపుతున్నాం. ఒక్కో కుటుంబం ఒక్కో పిల్లవాడి ఖర్చు చూసుకుంటుంది. ఫోటో ఫ్రిజ్‌కు అంటించుకుని, రాత్రి ప్రార్థనలో ఆ పేరు తలుచుకునే ఇళ్లు మాలో చాలా ఉన్నాయి.

మొన్న పెద్దల మీటింగ్‌లో ఒక ఆంటీ అడిగారు: "వీళ్లలో అమ్మా నాన్నా ఇద్దరూ లేనివాళ్లు ఎందరు?" పాస్టరుగారికి ఫోన్ చేశాం. ఆయన ఏమీ దాచలేదు. ముప్పై మందిలో ఐదుగురికి ఎవరూ లేరు. కొందరికి తల్లి ఒక్కతే. మిగతావాళ్ల తల్లిదండ్రులు జనవరి వచ్చేసరికి గుంటూరు వైపు మిరప కోతలకు వలస వెళ్లేవాళ్లు.

ఇప్పుడు సంఘం రెండుగా చీలింది. "తల్లి ఉన్న పిల్లను అనాథ అని చెప్పి కానుక అడగడం దేవుని ముందు తప్పు, ఆ డబ్బేదో తల్లికే ఇద్దాం" అని సగం మంది. "మనం ఆపేస్తే ఆ పిల్లలు చేలల్లోకి పోతారు" అని సగం మంది. వచ్చే నెల నిర్ణయం తీసుకోవాలి. ఇలాంటి హోములను దగ్గరగా చూసినవాళ్లు చెప్పండి.

మిషన్ హాస్టల్ పూర్వ విద్యార్థి

అన్నా, ఆ హోము మూతపడే పని చేసేముందు నా మాట వినండి. అమ్మ బతికుండగానే హాస్టల్లో పెరిగినవాణ్ని నేను. నాన్న పోయాక అమ్మ కూలికి వెళ్లి ముగ్గురిని సాకలేకపోయింది. మా ఊళ్లో ఐదో తరగతి దాటితే బడి లేదు. హాస్టల్లో వేసింది. అది నన్ను వదిలించుకోవడం కాదండి, ఆమె చేతిలో ఉన్న ఒక్క దారి. జర్మనీలో ఒక చర్చికి చెందిన పెద్దావిడ నా ఖర్చు భరించారు. పుస్తకాలు, సబ్బులు, అన్నం అన్నీ ఆవిడ డబ్బుతోనే. నేనిప్పుడు గవర్నమెంట్ హైస్కూల్లో టీచర్ని.

ఇంకో సంగతి చాలామందికి పట్టదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం తీసుకున్న దళితుడికి ఎస్సీ హోదా ఉండదు. మన దగ్గర అలాంటివాళ్లకు బీసీ-సి కింద ఉన్నది ఒక్క శాతం రిజర్వేషన్. ఆ వాడల్లో పుట్టిన పిల్లలకు మిషన్ హాస్టల్ ఎంత ఆసరాగా నిలిచిందో అక్కడ పుట్టినవాళ్లకే తెలుసు. "పిల్లలు కుటుంబంలోనే ఉండాలి" అనేవాళ్లలో ఎంతోమంది తమ పిల్లల్ని ఏడో తరగతి నుంచే లక్షలు కట్టి రెసిడెన్షియల్ స్కూళ్లలో వేస్తారు. దాన్ని మాత్రం ఎవరూ కుటుంబం విడిపోవడం అనరు. పేద తల్లి అదే పని చేస్తే తప్పెలా అవుతుంది?

బాలల సంరక్షణలో పనిచేశాను

మాస్టారూ, మీ అమ్మగారి నిర్ణయాన్ని నేను తప్పుపట్టను. కానీ మీరు ఉన్నది హాస్టల్. సెలవులకు ఇంటికి వెళ్లారు, మీరు ఎవరి బిడ్డో రిజిస్టర్లో ఉంది. ఇక్కడ సమస్య "అనాథ" అన్న పేరు మీద తలకింత చొప్పున డబ్బు వచ్చే చోటు.

ఆ పద్ధతిలో ఏం జరుగుతుందో కళ్లారా చూశాను. పిల్ల హోములో ఉన్నంతకాలమే స్పాన్సర్ డబ్బు పంపుతాడు. ఇంటికి వెళ్లిపోతే ఆగిపోతుంది. వంటమనిషి జీతం, బియ్యం, అద్దె అన్నీ ఆ తలల లెక్క మీదే నడుస్తాయి. కాబట్టి నడిపేవాళ్లు ఎంత మంచివాళ్లయినా పిల్లను ఇంటికి పంపే ఆత్రం వాళ్లకు ఉండదు. ఒకసారి ఒక తల్లి వచ్చి, "నాకు పని దొరికింది, పాపను తీసుకెళ్తాను" అంటే, "ఈ సంవత్సరానికి ఉండనీ అమ్మా, దొరలకు ఫోటో పంపేశాం" అన్నారు. ఆ హోము పేరు చెప్పను. అక్కడ అన్నం బాగానే పెట్టేవారు, ఎవరూ కొట్టేవారు కాదు. అయినా ఆ తల్లి వట్టి చేతులతో తిరిగి వెళ్లింది.

ఇది మన దగ్గరే కాదు. ప్రపంచవ్యాప్తంగా సంస్థల్లో ఉన్న పిల్లల్లో ప్రతి ఐదుగురిలో కనీసం నలుగురికి తల్లిదండ్రుల్లో ఒకరైనా ఉన్నారని 2009లోనే సేవ్ ద చిల్డ్రన్ నివేదిక చెప్పింది. కంబోడియాలో 2005 తర్వాత ఐదేళ్లలో అనాథాశ్రమాలు పుట్టగొడుగుల్లా పెరిగాయి. అక్కడ అనాథలు పెరిగి కాదు, విదేశీ దాతలు, టూరిస్టులు పెరిగి. ఆస్ట్రేలియా 2018లో ఆధునిక బానిసత్వ చట్టం తెచ్చినప్పుడు, అనాథాశ్రమాల కోసం పిల్లల్ని సేకరించడాన్ని కూడా అక్రమ రవాణాగానే చూడాలని గుర్తించింది.

మన చట్టం కూడా అదే దారిలో ఉంది. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం పిల్లను సంస్థలో పెట్టడం చివరి మార్గం. సెక్షన్ 41 కింద హోముకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. లేకుండా నడిపితే ఏడాది దాకా జైలు, లక్షకు తగ్గని జరిమానా, లేదా రెండూ. సంరక్షణ అవసరమైన పిల్లను ఎక్కడ ఉంచాలో తేల్చేది చైల్డ్ వెల్ఫేర్ కమిటీ. సభ్యుడుగారూ, మీరు పాస్టరుగారిని ముందుగా అడగాల్సినవి రెండు: ఆ రిజిస్ట్రేషన్ కాగితం ఉందా, ఒక్కో పిల్లకు కమిటీ ఉత్తర్వు ఉందా.

మిషన్ హాస్టల్ పూర్వ విద్యార్థి

కాగితాలు అడగమనండి, కాదనను. కానీ తల్లికి నెలకు నాలుగు వేలు పంపితే ఆ డబ్బు పిల్ల దాకా వస్తుందని ఎవరు పూచీ? మొగుడు పట్టుకుపోయి వైన్ షాపులో పోస్తే?

ఎమ్మిగనూరు ఆడపడుచు

మాస్టారూ, మీరు పెద్దవారు, కానీ ఈ మాట వినలేకపోతున్నా. తల్లి చేతికి డబ్బిస్తే తాగుడికి పోతుంది అనే భయంతోనే ఆమెను ఎప్పుడూ దూరంగా పెడుతున్నారు. మా వైపు డ్వాక్రా గ్రూపుల్లో ఇదే ఆడవాళ్లు బ్యాంకు వాయిదాలు కడుతున్నారు. ప్రభుత్వ పథకం "తల్లికి వందనం" కింద 2025లో పదమూడు వేలు వేసింది తల్లి ఖాతాలోనే కదా.

మా ఊళ్ల సంగతి చెప్తాను. కోసిగి, మంత్రాలయం, ఎమ్మిగనూరు చుట్టుపక్కల సంక్రాంతి దాటితే వీధులకు వీధులు తాళాలు పడతాయి. మిరప కోతకు ఎంతమంది చేతులుంటే అంత కూలి, కాబట్టి పిల్లల్నీ తీసుకుపోతారు. ఏప్రిల్ దాకా అక్కడే, పరదా పట్టలు కట్టుకుని చేల గట్ల మీద. తిరిగొచ్చేసరికి పరీక్షలు అయిపోతాయి. బడి పోయేది ఆ మూడు నాలుగు నెలల్లోనే. వెళ్లినవాళ్ల పిల్లల కోసం సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ బడుల పథకం కింద సీజనల్ హాస్టళ్లు పెడతారు, ఊళ్లోనే, బడి పక్కనే. పిల్ల అమ్మమ్మను రోజూ చూస్తుంది, ఉగాదికి అమ్మ వచ్చేసరికి తన ఇంట్లోనే ఉంటుంది. అవి కోతలు మొదలయ్యే రోజుకే తెరుచుకుని, సాయంత్రం చదివించే ఒక అక్క, కడుపునిండా రాత్రి భోజనం ఉంటే చాలా ఇళ్లకు హోము అక్కర్లేదు. సభ్యుడుగారి సంఘం పన్నెండు నెలలకు పెట్టే ఖర్చుతో ఆ నాలుగు నెలలు ఎంతమందిని బడిలో ఉంచొచ్చో లెక్కేసుకోండి.

లెక్కలు చూసేవాణ్ని

మంచి చర్చ. కానీ చట్టం సంగతి తెలుసుకోకుండా ముందుకు పోవద్దు. అమెరికాలో రిజిస్టరైన చర్చి ఇచ్చేది విదేశీ విరాళం. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థే దాన్ని తీసుకోవాలి, అది కూడా ఢిల్లీలోని ఎస్‌బీఐ న్యూఢిల్లీ మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఖాతాలోకే. 2020 సవరణ తర్వాత ఆ డబ్బును మరో సంస్థకు మళ్లించకూడదు, ఆఫీసు ఖర్చులు ఇరవై శాతం దాటకూడదు. పాస్టరుగారి సొంత ఖాతాకు పంపడం, తల్లులకు నేరుగా వేసేయడం రెండూ కుదరవు. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లది వస్తుంది, ఓసీఐ కార్డు ఉన్నా సరే. మీ సంఘంలో రెండు రకాలవాళ్లూ ఉంటారు కాబట్టి కానుక పెట్టెలో కలిసిపోయాక ఇది ఎవరి డబ్బు అని విడదీయలేరు.

పిల్లలకు స్పాన్సర్లను చూపే అమెరికా క్రైస్తవ సంస్థ కంపాషన్ ఇంటర్నేషనల్ సంగతి గుర్తుందా? కేంద్రం ముందస్తు అనుమతి జాబితాలో (అనుమతి తీసుకున్నాకే డబ్బు పంపాలి) పడ్డాక 2017 మార్చిలో దేశంలో పని ఆపేసింది. దాదాపు లక్షా నలభై ఐదు వేల మంది పిల్లల స్పాన్సర్‌షిప్ ఆగింది. విదేశీ డబ్బు మీద పూర్తిగా నిలబడిన ఏ పిల్లల కార్యక్రమానికైనా ఆ ముప్పు ఉంటుంది. ఇంట్లో ఉండి చదివే పిల్లకు అది ఆగితే కష్టం. హోములో ఉన్న పిల్లకు ఆగితే ఆ రాత్రి ఎక్కడ పడుకోవాలో తెలియదు.

కోనసీమ పాఠకుడు

అందరూ పక్కకు తోసేస్తున్న ప్రశ్న నేను అడుగుతాను, కోపగించుకోవద్దు. హోములో ఉన్న హిందూ పిల్ల రోజూ ప్రార్థనకు కూర్చోవాలి. అన్నం పెట్టేవాళ్ల మతం పిల్లకు అంటుకోకుండా ఉంటుందా? తల్లికి అది ఇష్టమా అని ఎవరైనా అడిగారా?

ఒంగోలు పాఠకుడు

అడగాల్సిన ప్రశ్నే బాబూ, నేను క్రైస్తవుణ్ని అయినా అంటున్నా. మా ఊరి చరిత్రలోనే దీనికి ఒక జవాబు ఉంది. 1876-78 ధాత కరువులో బాప్టిస్టు మిషనరీ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్ల పైచిలుకు తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు కుటుంబాలతో సహా కూలి పని ఇచ్చాడు. సాయం నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. అన్నం కోసం వస్తున్నారన్న మాట రాకూడదని. ఆ తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారనేది వేరే సంగతి. సాయం చేస్తున్న చేయి, మతం అడిగే నోరు ఒకే పూట పని చేయకూడదని ఆయనకు తెలిసింది. ఇంట్లో ఉన్న పిల్లకు సాయం చేస్తే ఆ సమస్య సగం తగ్గుతుంది. ఏ పండగ చేయాలో తల్లే చూసుకుంటుంది.

కోనసీమ పాఠకుడు

కరువు పోయాక వచ్చిన ఆ 2,222 మందిలో కరువులో తిన్న అన్నం గుర్తులేనివాళ్లు ఎందరుంటారండీ? నా అనుమానం పూర్తిగా తీరలేదు. కానీ పిల్ల ఇంట్లో ఉండాలన్న మాటకు ఒప్పుకుంటా.

బాలల సంరక్షణలో పనిచేశాను

స్పాన్సర్‌షిప్ చెడ్డదని నేను అనడం లేదు, అది స్పష్టం చేయాలి. 2013లో బ్రూస్ విడిక్, మరో ఇద్దరు ఆర్థికవేత్తలు ఆరు దేశాల్లో కంపాషన్ పిల్లల్ని పరిశీలించారు, వాటిలో మన దేశమూ ఉంది. స్పాన్సర్ ఉన్నవాళ్లు సగటున ఏడాది పైన ఎక్కువ చదివారు. కానీ ఆ పద్ధతిలో పిల్లలు సొంత ఇంట్లోనే ఉండి స్థానిక సంఘంలో నడిచే కార్యక్రమానికి వెళ్తారు. పక్కనే అనంతపురంలో విన్సెంట్ ఫెర్రర్ 1969లో మొదలుపెట్టిన ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) కూడా అంతే. స్పెయిన్ దాతకు ఒక పిల్ల ఫోటో వెళ్తుంది, డబ్బు మాత్రం ఆ ఊరి బడికి, ఇళ్లకు, ఆసుపత్రికి పోతుంది. పిల్ల ఊరు దాటదు.

పైగా కేంద్ర ప్రభుత్వ బాలల రక్షణ పథకం మిషన్ వాత్సల్య కింద నెలకు నాలుగు వేల స్పాన్సర్‌షిప్ ఉంది. వితంతువు పిల్లలు, పల్లెల్లో ఏడాదికి డెబ్బై రెండు వేల లోపు ఆదాయం ఉన్న ఇళ్ల పిల్లలు అడగవచ్చు. ఆ దరఖాస్తు నింపి, జిల్లా ఆఫీసు చుట్టూ తిరగడానికి ఒక మనిషి జీతం మీ సంఘం ఇస్తే, ముప్పై మందిలో ఒంటరి తల్లుల పిల్లలకు దారి దొరుకుతుంది.

టెక్సస్ సంఘ సభ్యుడు

అందరికీ కృతజ్ఞతలు. పాస్టరుగారి సొసైటీకి ఎఫ్‌సీఆర్‌ఏ ఉంది, అది కనుక్కున్నా. కాబట్టి అదే సొసైటీ తన పని మార్చుకునేలా అడగవచ్చు: ఎవరూ లేని ఐదుగురి సంగతి చైల్డ్ వెల్ఫేర్ కమిటీ ముందు పెట్టడం, మిగతావాళ్లకు ఊళ్లోనే కోతల నెలల బస, ట్యూషన్. పెద్దల ముందు ఇదే పెడతాను. ఒక్కటే ఇబ్బంది. ఫ్రిజ్ మీద ఫోటో ఉన్న ఇళ్లవాళ్లు "మా పిల్ల" అంటారు. పిల్ల ఇంటికి వెళ్లాక కూడా కానుక ఇస్తారా అన్నది నాకు టెన్షన్.

ఎమ్మిగనూరు ఆడపడుచు

ఇవ్వకపోతే వాళ్లు ఇన్నాళ్లూ దేనికి ఇచ్చారో వాళ్లే ఆలోచించుకోవాలి. నిజంగా ఆ పిల్ల మీద ప్రేమ ఉంటే ఆమె అమ్మ దగ్గర ఉన్నందుకు సంతోషపడాలి.

మిషన్ హాస్టల్ పూర్వ విద్యార్థి

నేను ఇప్పటికీ మీ అందరితో పూర్తిగా ఏకీభవించను. కానీ ఒక్కటి గట్టిగా చెప్తాను. ఆ హోములో తొమ్మిది, పది చదివే ఆడపిల్లలు ఎందరున్నారో కనుక్కోండి. ఇంటికి పంపుతున్నాం అన్న మాట వినగానే కొందరికి సంబంధాలు చూడటం మొదలుపెడతారు, మా బడిలో ప్రతి వేసవీ చూస్తున్నా. వాళ్లను పదో తరగతి పరీక్షలు రాసి ఇంటర్లో చేరేదాకా కదపకండి. చిన్నవాళ్లతో మొదలుపెట్టండి, అది కూడా జనవరిలో కాదు, జూన్‌లో, బడులు తెరిచే సమయానికి.

బాలల సంరక్షణలో పనిచేశాను

ఈ మాటకు నేనూ ఓటేస్తా మాస్టారూ. ఆ అమ్మాయిలను పంపే విషయం మాత్రం కమిటీ దగ్గర ఒక్కొక్కరిది విడిగా చూడాలి, గుంపుగా కాదు.