అప్‌డేట్: నాన్న క్యాసెట్లు మళ్లీ పాడుతున్నాయి

నాన్న క్యాసెట్లలో పాటలు నీళ్లలోంచి వస్తున్నట్టు వినిపిస్తున్నాయని పోయిన నెల అడిగాను కదా. మీరు చెప్పినట్టే స్పిరిట్‌లో ముంచిన దూదితో ప్లేయర్ హెడ్ (టేపును చదివే భాగం) తుడిచాను. దూది గోధుమరంగుకు తిరిగింది, పాట తేటపడింది.

ఇక పెట్టెలోంచి చూడకుండా తీసినవి. మొదట ‘మల్లీశ్వరి’ (1951). ‘మనసున మల్లెల’ అని భానుమతి అందుకోగానే చేతిలో పని ఆగిపోయింది. కృష్ణశాస్త్రి రాసిన మాటలను సంగీత దర్శకుడు సాలూరి రాజేశ్వరరావు ఎక్కడా తొందరపెట్టలేదు. తర్వాత ‘గీతాంజలి’ (1989): ‘ఓ ప్రియా ప్రియా’. చిన్నప్పుడు ఏడుపుగొట్టు పాటని దాటేసేవాడిని. ఇప్పుడు రెండుసార్లు వెనక్కి తిప్పాను.

మూడోది పేరు రాయని సీ-90 (తొంభై నిమిషాల క్యాసెట్). రేడియో ముందు పెట్టి రికార్డు చేసినట్టుంది. పాట మధ్యలో ‘అన్నం చల్లారిపోతోంది’ అంటూ అమ్మ కేక! పాట ఏమిటో పట్టించుకోలేదు. ముందుగా కంప్యూటర్‌లోకి ఎక్కించింది దాన్నే.