అమెరికన్ హారర్ స్టోరీ: మీకు ఏ సీజన్ నిలిచింది, ఏది చెడింది?

బరంపురం_చూపరి:
‘అమెరికన్ హారర్ స్టోరీ’ అంటే సీజన్‌కో కొత్త కథ చెప్పే అమెరికా భయానక సీరియల్. దాని పన్నెండో సీజన్ ‘డెలికేట్’ సగంలో ఆపేశాను. ప్రతిసారీ ఇదే వరస. మొదట్లో గుండె ఆగినంత పనవుతుంది, చివరికొచ్చేసరికి కథ చేజారిపోతుంది. అయినా కొత్త సీజన్ వస్తే వదల్లేను. 2011లో వచ్చిన ‘మర్డర్ హౌస్’లో ఉన్నది ఒక్కటే నియమం: ఆ ఇంట్లో చచ్చినవాళ్లు అక్కడే ఉండిపోవాలి, హాలోవీన్ రాత్రి మాత్రం బయటికి రావచ్చు. అందుకే ఆ ఇల్లంటే ఇప్పటికీ భయం. ‘కోవెన్’లో చచ్చినవాళ్లని మంత్రాలతో లేపుతూనే ఉన్నారు. ఇంక చావుకి విలువేముంది? అందులో నటించిన క్యాథీ బేట్స్, ఏంజెలా బాసెట్ ఎదురుపడితే మాత్రం కళ్లు తిప్పుకోలేం.

పర్లాకిమిడి_రాత్రి:
‘అసైలం’ ఊసే ఎత్తలేదేంటి గురూ? 1964లో జరిగే కథ, బ్రయర్‌క్లిఫ్ అనే పిచ్చాసుపత్రి. లోపలి సంగతులు రాద్దామని వెళ్లిన విలేకరి లానాని రోగి అని ముద్రవేసి బంధించేస్తారు. ఆమె ఆడపిల్లని ప్రేమించడమే రోగమట. వాంతులయ్యే మందెక్కించి ఆడవాళ్ల ఫోటోలు చూపిస్తారు. ఆ సీన్లో దెయ్యం లేదు, ఉలిక్కిపడేలా చప్పుడూ లేదు. పక్కన కూర్చున్న మా అమ్మకి ఇంగ్లీషు ముక్క రాదు. ‘ఆ పిల్లని ఇంటికి పంపించెయ్యొచ్చు కదరా’ అని నా చెయ్యి పట్టేసుకుంది. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1973 దాకా స్వలింగ ప్రేమని జబ్బుగానే లెక్కేసింది మరి. ఆసుపత్రిని గడగడలాడించిన సిస్టర్ జూడ్ తర్వాత అక్కడే రోగిగా బందీ అయిపోతుంది, జెస్సికా లాంగ్ ఆ పాత్రలో ప్రాణం పెట్టింది. గ్రహాంతరవాసుల గొడవొక్కటే అతకలేదు.

సిరొంచ_పోరడు:
అన్నా, నాకైతే ‘రోనోక్’ మస్తు నచ్చింది. సగం దాకా డాక్యుమెంటరీ లెక్క నడుస్తది. బాధపడ్డోళ్లు చెప్తుంటే నటులు చేసి చూపిస్తరు. ఆరో ఎపిసోడ్ కెల్లి ఆళ్లనందర్నీ మళ్ల అదే ఇంట్ల పెట్టి కెమెరాలు తిప్పుతరు. కరెంటు లేని రాత్రి ఫోన్ల చూసిన. మాది ప్రాణహిత ఒడ్డు, చుట్టూ అడివే. బయట ఏదో పిట్ట అరిస్తే ఇయర్‌ఫోన్లు తీసి శానాసేపు ఇన్న.

జయపురం_అక్క:
తమ్ముళ్లూ, నేను ‘కల్ట్’ పక్షం. 2016 అమెరికా అధ్యక్ష ఎన్నికల రాత్రి మొదలవుతుంది, దెయ్యాల్లేవు. జనం భయాన్ని పట్టుకుని ఒకడు మంద పోగేస్తాడు. పక్కింటివాళ్లని నమ్మాలో వద్దో తెలియని ఆ స్థితి నాకు అన్నిటికన్నా భయం. ‘అపోకలిప్స్’కే బాగా కోపమొచ్చింది. పాత ‘మర్డర్ హౌస్’, ‘కోవెన్’ సీజన్లని కలిపి అంత ఊరించి, చివర్లో కాలాన్ని వెనక్కి తిప్పి జరిగిందంతా చెరిపేశారు.

బరంపురం_చూపరి:
అక్కా, ఆ ముగింపు విషయంలో నాదీ మీ మాటే. ‘ఫ్రీక్ షో’ కూడా అలాగే పోయింది. మా ఊళ్లో రెండేళ్లకోసారి ఠాకురాణి అమ్మవారి యాత్రకి వీధుల్నిండా వేషాలే. రంగు వెనక ఉన్నది తెలిసిన మావయ్యే అయినా చిన్నప్పుడు దగ్గరికెళ్లేవాణ్ణి కాదు. అందులో హంతకుడైన జోకర్ ట్విస్టీని చూస్తే అదే వణుకు, పళ్లికిలించే ఆ ముసుగు కింద దవడే లేదు. అలాంటివాణ్ణి నాలుగో ఎపిసోడ్లోనే పంపించేశారు!

పర్లాకిమిడి_రాత్రి:
‘1984’ సీజన్ చూశావా? తొమ్మిదే ఎపిసోడ్లు, సాగదీత తక్కువ. ‘డెలికేట్’ పక్కనపెట్టి ముందు అది కానియ్యి.