1948 కోస్టారికా: సైన్యం రద్దు శాంతి కోసమా, గెలిచినవాడి ఎత్తుగడా?

మధుర:
1948 డిసెంబరు 1న, అంతర్యుద్ధంలో గెలిచి కోస్టారికాను ఏలుతున్న హొసే ఫిగెరెస్ రాజధాని సాన్ హోసేలోని బెయావిస్తా సైనిక కోట గోడను సుత్తితో కొట్టి, సైన్యం రద్దయిందని ప్రకటించారు. ఆ కోట ఇప్పుడు జాతీయ మ్యూజియం. నా దృష్టిలో ఇరవయ్యో శతాబ్దంలో ఇంతకన్నా గొప్ప శాంతి ప్రకటన లేదు. కాదనేవారు కారణం చెప్పండి.

పాతపుటలు:
మధుర గారూ, నేను కాదంటాను. ఆ ఏడాది మొత్తం చూడండి. ఫిబ్రవరి అధ్యక్ష ఎన్నికలో ప్రతిపక్ష అభ్యర్థి ఓతిలియో ఉలాతే గెలిచారు. ఆ ఎన్నికలో ఓడిన మాజీ అధ్యక్షుడు కాల్దెరోన్ గార్దియా వర్గం చేతిలో ఉన్న కాంగ్రెస్ (పార్లమెంటు) మార్చి 1న దాన్ని చెల్లదంది. మార్చి 12న ఫిగెరెస్ ఆయుధం పట్టారు. 44 రోజుల్లో సుమారు 2,000 మంది చనిపోయారు. అంతా ఉలాతే ఓటు కోసమే అన్నవారు, గెలిచాక ఆయనను 18 నెలలు ఆగమన్నారు! మే 8 నుంచి తాత్కాలిక పాలకమండలి పెట్టి తామే ఏలారు.

పాత సైన్యం యుద్ధంలోనే చితికిపోయింది. ఇక ఆయుధాలు ఎవరి దగ్గరున్నాయి? ఫిగెరెస్ మనుషుల దగ్గరే. పైగా అమెరికా ఖండ దేశాల రక్షణకు హామీ ఇచ్చే రియో ఒప్పందం డిసెంబరు 3న అమల్లోకి వచ్చింది. డిసెంబరు 10న నికరాగువా నుంచి కాల్దెరోన్ మనుషులు చొరబడితే ఫిగెరెస్ ఆ ఒప్పందాన్నే ఆశ్రయించారు.

ఇక డిసెంబరు 19. లిమోన్ జైలులోని ఆరుగురు ఖైదీలను, కార్మిక నాయకులూ కమ్యూనిస్టులూ ఉన్నవారిని, సాన్ హోసేకు తరలిస్తున్నామని రైలు దారిలో తీసుకెళ్లి, కోదో దెల్ దియాబ్లో దగ్గర కాపలావాళ్లే కాల్చి చంపారు. సైన్యం రద్దయిన 18 రోజులకే ఈ హత్యలు జరిగాయి. మీరు చెప్పే శాంతి వారికి దక్కలేదు.

మధుర:
ఆ హత్యలను నేను సమర్థించను. అయినా 1949 ఏప్రిల్ 2 సంగతి మీరు వదిలేశారు. సైన్యం రద్దును ప్రతిపాదించిన భద్రతా మంత్రి ఎద్గార్ కార్దోనాయే ఆ రోజు పాలకమండలిపై తిరగబడ్డారు. బ్యాంకుల జాతీయీకరణనూ సంపదపై 10 శాతం పన్నునూ ఎత్తేయమన్నారు. చేతిలో ఉన్న కొద్దిపాటి బలగంతోనే ఆయన ఇంత చేస్తే, నిండు సైన్యం ఉంటే ఎవరు ఆపేవారు? ఫిగెరెస్ నిలబడ్డారు, 1949 నవంబరు 8న ఉలాతేకు పదవి అప్పగించారు. పొరుగున నికరాగువాలో అప్పుడు సైన్యం అండతో నియంత సొమోసా ఏలుతున్నాడని మరచిపోకండి.

పాతపుటలు:
పదవి అప్పగించారన్నది నిజం, దానికి ఆయనను మెచ్చుకుంటాను. కానీ సైన్యం తిరిగి రాకుండా కట్టడి చేసింది సుత్తి కాదు, 1949 రాజ్యాంగంలోని 12వ అధికరణం. దాన్ని రాసిన రాజ్యాంగ సభలో 45 స్థానాలుంటే, ఫిగెరెస్‌కు దగ్గరగా ఉన్న సోషల్ డెమోక్రటిక్ పార్టీకి దక్కినవి 4 మాత్రమే. పాలకమండలి పంపిన ముసాయిదాను పక్కనపెట్టి, ఆ సభ 1871 రాజ్యాంగాన్నే ఆధారంగా తీసుకుంది. మహిళలకు ఓటు హక్కు ఇచ్చిందీ ఆ సభే. అందుకే సుత్తి పట్టిన మనిషికి ఇచ్చే గౌరవంలో సగమైనా ఆ సభ్యులకు ఇవ్వండి. కోదో దెల్ దియాబ్లో హత్యలకు జవాబు మాత్రం ఆనాడు పాలించిన ఫిగెరెస్ మండలే చెప్పాలి.