లావా బెడ్స్ గుహలు: పిల్లలతో వెళ్లినవాళ్లు చెప్పండి

కొత్తబాట: కాలిఫోర్నియాలోని లావా బెడ్స్‌కి జూలైలో వెళ్తున్నాం. ఆరేళ్ల పాపతో ఏ గుహ తేలిక? హెల్మెట్ కావాలా? దగ్గర్లో రూములు దొరుకుతాయా?

సుధ: మష్‌పాట్ గుహ. లోపల లైట్లున్నది అదొక్కటే. మిగతా గుహలన్నీ చిమ్మచీకటి, ఫోన్ లైటును నమ్ముకోకండి. మనిషికో టార్చి, పైన స్పేరు. బయట ఎండ మాడ్చేస్తున్నా లోపల చలే, పాపకి స్వెట్టర్ పెట్టండి.

రాతిమనిషి: మష్‌పాట్‌తో సరిపెట్టుకోకండి, వాలెంటైన్‌కి వెళ్లండి. జియాలజీ చదివినవాణ్ణి, చెబుతున్నాను. పారే లావా పైపైన గట్టిపడి పెంకు కడుతుంది. లోపలిది వేడి తగ్గకుండా పారిపోయి గొట్టం ఖాళీ అవుతుంది, అదే గుహ. లావా ఏ మట్టం దగ్గర ఆగిందో గోడల మీది అంచులే చెబుతాయి. స్కల్ కేవ్ అడుగున మంచు కూడా ఉంటుంది.

లత: ఇవన్నీ తర్వాత. ముందు విజిటర్ సెంటర్‌లో పర్మిట్ తీసుకోవాలి. మాతో వచ్చినాయన వేరే గుహలో తిరిగిన బూట్లతోనే దిగబోతే, గబ్బిలాలని చంపే వైట్-నోస్ అనే ఫంగస్ జబ్బు పాకకుండా రేంజర్ ఆపేశారు. మంచి పని చేశారు.

వెంకట్: మమ్మల్నీ ఆపారు. అంతదూరం డ్రైవ్ చేసుకుని వస్తే బూట్ల పంచాయితీ ఏంటి? ఆ జబ్బు గబ్బిలం నుంచి గబ్బిలానికే కదా అంటేది.

లత: ఎక్కువగా అలాగే. కానీ ఆ ఫంగస్ బీజాలు బూట్లకీ బట్టలకీ పట్టుకుని కొత్త గుహలకి చేరతాయి. 2006లో న్యూయార్క్ రాష్ట్రంలో బయటపడ్డప్పటి నుంచి లక్షల గబ్బిలాలు పోయాయి. చలికాలం నిద్రలోంచి పదేపదే లేచి, ఒంట్లో కొవ్వు కరిగిపోయి చస్తాయి. మీ బూట్ల కోసం అవి చావాలా?

వెంకట్: చంపమని నేనన్నానా? మాట జాగ్రత్త! ముందే తెలిసేలా చెప్పాలి అంటున్నాను, అంతే.

రాతిమనిషి: పార్కు వెబ్‌సైట్‌లో రాసే ఉంది. చదవాలి.

మేఘన: హవాయిలో నాహుకు అనే లావా గుహ చూశారా ఎవరైనా? 2018 అగ్నిపర్వత విస్ఫోటనంతో మూసేసి 2020లో మళ్లీ తెరిచారు. చుట్టూ ఫెర్న్ అడవి, ఎంత బావుంటుందో!

వెంకట్: అక్కడా బూట్లు విప్పిస్తారా?

లత: మళ్లీ అదేనా! వేరే జత తెచ్చుకుంటే గొడవే లేదు.

కొత్తబాట: రూముల సంగతి ఎవరూ చెప్పలేదు.

సుధ: పార్కులో క్యాంప్‌గ్రౌండ్ ఉంది, హోటల్ లేదు. పెట్రోలూ దొరకదు, ట్యాంకు నింపుకుని రండి. హెల్మెట్ పెట్టాల్సిందే, కప్పు చాలాచోట్ల తలకి తగిలేంత కిందికి ఉంటుంది.