సమస్యాపూరణం: దయ్యమే దారి చూపెను దప్పిపోఁగ

నిర్వాహకుడు:

సభ్యులందరికీ నమస్కారం. ఈ వారం సమస్య, అంటే మీరు చివరి పాదంగా నిలిపి పద్యం పూర్తి చేయవలసిన పాదం, ఒక దయ్యాల సినిమా చూస్తూ ఉండగా తట్టింది. ముగ్గురు విద్యార్థులు కెమెరాలు పట్టుకొని మేరీల్యాండ్ అడవిలోకి వెళ్ళి తిరిగి రాకపోవడం, వాళ్ళు తీసిన దృశ్యాలు మాత్రమే దొరకడం 1999లో వచ్చిన ‘ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్’ కథ. దానికి కొనసాగింపుగా 2016లో వచ్చిన ‘బ్లెయిర్ విచ్’లో, తప్పిపోయిన అమ్మాయి తమ్ముడు ఇంటర్నెట్‌లో వచ్చిన ఒక వీడియోలో కనిపించింది తన అక్కేనని నమ్మి, స్నేహితులను వెంటబెట్టుకొని అదే అడవికి వెళతాడు. చెవికి తగిలించుకొన్న కెమెరాలు, ఎగిరే డ్రోను అన్నీ ఉన్నా వారికి దారి దొరకదు. తెల్లవారవలసిన వేళకు తెల్లవారదు. శేషాచలం అడవుల అంచున పుట్టి పెరిగిన మనకు అడవిలో దారి తప్పడమంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు. పూరణలు ఆ యువకుల మీదైనా, మన తలకోన మీదైనా ఉండవచ్చు. అడవిని మాత్రం విడిచిపెట్టవద్దని మనవి.

దయ్యమే దారి చూపెను దప్పిపోఁగ

పీలేరు పంతులు:

అక్క జాడను వెదకంగ నడవిఁ జొచ్చి
చేతఁ గెమెరాలు, నింగిలోఁ జిట్టి డ్రోను,
తన్నుఁ బిలిచిన దెవ్వరో తలఁపలేదు;
దయ్యమే దారి చూపెను దప్పిపోఁగ.

దారి తప్పినప్పుడు దయ్యం దారి చూపిందని పైకి కనిపించే అర్థాన్ని నేను తీసుకోలేదు. తప్పిపోవునట్లుగా దారి చూపింది అని అన్వయించుకోవాలి. ఆ సినిమా చివరికి వచ్చేసరికి, తమ్ముణ్ణి అడవికి రప్పించిన వీడియో మరెవరిదో కాదని, అతని వెంట వచ్చిన అమ్మాయి ఆ రాత్రే తీసినదని తెలుస్తుంది. ఇంకా జరగని రాత్రి ముందుగానే వచ్చి మనిషిని పిలిచింది. మూడవ పాదం దానికోసమే వ్రాశాను.

స్వర్ణముఖి:

పంతులు గారూ, అన్వయం చాలా బాగుంది. ‘పోఁగ’ అన్నది కాలాన్నీ చెప్పగలదు, ఫలితాన్నీ చెప్పగలదు. మీరు రెండవదాన్ని పట్టుకొనడంతో సమస్యలోని విరోధం ఒక్క అక్షరమైనా కదలకుండా విడిపోయింది. దయ్యం మేలు చేయడమేమిటన్న ప్రశ్నే ఇక పుట్టదు.

కాణిపాకం:

అన్వయం మీద నాకు అభ్యంతరం లేదు. రెండవ పాదం దగ్గర మాత్రం ఆగవలసి వచ్చింది. ‘చిట్టి డ్రోను’ విశేషణంతో కూడిన సమాసం కాబట్టి, వెనుక వచ్చిన సంయుక్తాక్షరం ముందరి ‘ట్టి’ని గురువు (రెండు మాత్రల అక్షరం) చేస్తుంది. అప్పుడు నాలుగవ గణం (అక్షరాల గుంపు) ఈ ఛందస్సు ఒప్పుకోని రెండు గురువులై కూర్చుంటుంది. ఇతరుల పద్యాలలో అరసున్న లోపిస్తేనే ఊరుకోని పంతులు గారు ఈ చోటును ఎలా దాటిపోయారో నాకు తెలియడం లేదు.

పీలేరు పంతులు:

‘చిట్టి’ తెలుగు మాట, ‘డ్రోను’ నిన్న మొన్న వచ్చిన మాట. సంస్కృత సమాసంలో వలె ఆ రెండూ ఒక్క ఊపిరిలో అతుక్కోవు. తెలుగు మాట తరువాత సంయుక్తాక్షరం వచ్చినా, ఊనిక లేకుండా విడిగా పలికినప్పుడు ముందరి అక్షరం లఘువుగానే (ఒక మాత్రగానే) నిలుస్తుంది. పైకి చదివి చూడండి. నాలుక ఎక్కడా తడబడదు.

కాణిపాకం:

నాలుకను ప్రమాణంగా తీసుకుంటే, తుంబురు తీర్థం పూరణ నాటి మాటను కూడా గుర్తు చేయవలసి ఉంటుంది. ఫాల్గుణ పున్నమికి కొండల్లోకి నడిచి వెళ్ళే భక్తుల మీద ‘చీకటే వెల్గు చూపెను చెట్ల నడుమ’ అన్న సమస్య ఇచ్చినప్పుడు, పంతులు గారి మొదటి పాదం ఇది:

రాతి మెట్లపై వెన్నెల జారుచుండ

‘రా’కు ‘జా’తో యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగవ గణం మొదటి అక్షరంతో ఉండవలసిన పొత్తు) ఎక్కడ కుదిరింది? ఆనాడు నేను ఆ మాట అడిగితే, వెన్నెల రాతి మీద జారుతుందే గాని మరొకటి చేయదని, అనుభవానికి యతి అడ్డు రాకూడదని ఆయన వాదించారు. ‘రాలుచుండ’ అని రెండక్షరాలు మారిస్తే యతీ నిలుస్తుంది, వెన్నెలా నిలుస్తుందని నేను సూచించాను. ఆ సూచనకు ఇప్పటికీ సమాధానం రాలేదు.

పీలేరు పంతులు:

సమాధానం ఇప్పుడు ఇస్తున్నాను. ‘రాలుచుండ’ బాగుంది. అయితే రాలేది ఆకు, పువ్వు, చినుకు. వెన్నెల రాలిందంటే చెట్ల సందుల నుంచి ముక్కలు ముక్కలుగా పడినట్లు మనసుకు తోస్తుంది. దట్టమైన అడవిలో అది నిజమే గాని, నా పద్యంలోని చోటు అడవి పలుచబడి మెట్లు బయటపడే చోటు. అందువల్ల మీ సవరణ ఛందస్సుకు న్యాయం చేసింది, దృశ్యాన్ని మాత్రం కొంత మార్చింది.

నిర్వాహకుడు:

వెన్నెల చర్చను ఇక్కడికి ఆపుదాం. డ్రోను విషయంలో రెండు పక్షాలకూ మద్దతు ఇచ్చే పెద్దలు ఉన్నారు. సందేహానికి తావు లేకుండా వ్రాయగలిగినప్పుడు అలా వ్రాయడమే మేలని నా అభిప్రాయం. ‘నింగిలోఁ జిట్టి పులుగు’ అంటే గణం కుదురుతుంది, యతి చెడదు. సినిమాలో ఆ డ్రోను ఎగిరి ఎగిరి చివరికి చెట్టు కొమ్మల్లో చిక్కుకుంటుంది; దాన్ని దించడానికి గాయపడిన కాలితోనే చెట్టెక్కిన అమ్మాయి కింద పడుతుంది. కొమ్మకు చిక్కేది పులుగే కాబట్టి మాట కథకు కూడా దగ్గరగానే ఉంది.

స్వర్ణముఖి:

కెమెరా పక్కన ఉండబట్టి పులుగంటే యంత్రమని స్ఫురిస్తుంది. ఆ మాట ఒంటరిగా ఉంటే నిజమైన పక్షి అనుకొనే ప్రమాదం ఉండేది. నాకు ఈ సవరణ నచ్చింది.

అలిపిరి:

కొమ్మపైఁ గండ్లు జంటగాఁ గొఱవు లట్లు
మెఱయ, దేవాంగపిల్లిని మిత్రు లెల్ల
దయ్యమని పాఱి సెలయేటి దరికిఁ జనిరి;
దయ్యమే దారి చూపెను, దప్పి పోఁగ.

చివరి పాదాన్ని ‘దప్పి’, ‘పోఁగ’ అని విడిచి చదవవలసిందిగా కోరుతున్నాను. తలకోన అడవిలో నీళ్ళ సీసాలు ఖాళీ అయిపోయి, దారి తెలియక తిరుగుతున్న నలుగురు కుర్రవాళ్ళు కొమ్మ మీది కళ్ళను చూసి భయపడి పరుగెత్తి, ఏటి దగ్గరికి చేరుకొని దాహం తీర్చుకున్నారని భావం.

స్వర్ణముఖి:

అలిపిరి గారూ, ఇది అసలైన విరుపు. ‘చూపెను’ చివరి ద్రుతం (నకారం) వల్ల ‘తప్పి’ ‘దప్పి’గా మారిన చోటనే దాహం దాగి ఉందని మేమెవ్వరమూ చూడలేదు. నిర్వాహకులు సరళాదేశం చేసి (తకారాన్ని దకారంగా మార్చి) సమస్యను ఇచ్చినప్పుడు ఈ గుంట తెలిసే వదిలారా అని అడగాలని ఉంది.

నిర్వాహకుడు:

తెలియదు. వ్యాకరణం కోసమే సరళాదేశం చేశాను. దాహం అందులో ఉందని అలిపిరి గారి పద్యం చదివిన తరువాతనే తెలిసింది.

కాణిపాకం:

2016 నాటి ఆ సినిమాను తీసినవారు ‘ది వుడ్స్’ అన్న వేరే పేరుతో ప్రచారం చేసి, విడుదలకు కొద్ది నెలల ముందు గాని అసలు పేరు బయటపెట్టలేదు. అడవి సినిమా అనుకొన్నవారికి అది పాత కథ కొనసాగింపని తరువాత తెలిసింది. అలిపిరి గారి నాలుగవ పాదంలో కూడా అదే జరిగింది. తప్పిపోవడం అనుకొంటూ చదివినవాడికి పాదం చివర నీళ్ళు దొరికాయి. పూర్తి మార్కులు వేయవలసిన పూరణ ఇది.

పీలేరు పంతులు:

విరుపును నేనూ మెచ్చుకుంటున్నాను. ‘కొఱవు లట్లు’ అన్న ఉపమానం కూడా కొరివి దయ్యాన్ని పేరెత్తకుండానే పిలుచుకొని వచ్చింది. రెండు విషయాలు మాత్రం చెప్పాలి. మొదటిది, దేవాంగపిల్లి కళ్ళు తమంతట తాము వెలగవు. పిడికిలిలో పట్టేంత ఆ జంతువు రాత్రిపూట కొమ్మ పట్టుకొని మెల్లగా కదులుతూ పురుగులను ఏరుకు తింటుంది. మనం వేసిన టార్చి వెలుగు దాని కంటి వెనుక పొర మీద పడి తిరిగి వచ్చినప్పుడే ఆ ఎర్రని మెరుపు కనిపిస్తుంది. పద్యంలో వెలుగు ఎవరి చేతిలో ఉంది? రెండవది, సమస్యకు తలగా ఉన్న ‘దయ్య’మన్న మాటనే మూడవ పాదానికి కూడా తలగా పెట్టడం వల్ల నాలుగవ పాదంలో రావలసిన అదటు ముందే ఖర్చయిపోయింది.

అలిపిరి:

వెలుగు సంగతి సమస్య ఇచ్చిన సందర్భమే చెబుతుంది. కెమెరాలు లేకుండా ఈ కథలో ఎవరూ అడవికి వెళ్ళరు కదా. పునరుక్తి విషయంలో నా ఉద్దేశం వేరు. మూడవ పాదంలోని దయ్యం వాళ్ళ భ్రమ, నాలుగవ పాదంలోని దయ్యం వాళ్ళకు జరిగిన మేలు. రెండుసార్లు వినిపిస్తేనే ఆ మార్పు తెలుస్తుందని అనుకున్నాను.

పీలేరు పంతులు:

మార్పు రెండుసార్లు చెప్పకుండానే తెలుస్తుంది. ఈ విధంగా చదివి చూడండి:

మెఱయ, దేవాంగపిల్లికి మిత్రు లెల్ల
దడిసి, పరువెత్తి సెలయేటి దరికిఁ జనిరి;

‘ని’ని ‘కి’ చేస్తే చాలు, ‘దడిసి’కి చోటు దొరుకుతుంది. అప్పుడు దయ్యం ఒక్కసారే, రావలసిన చోటనే వస్తుంది. చదువరికి అది దేవాంగపిల్లి అని ముందే తెలుసు, కుర్రవాళ్ళకు మాత్రం తెలియదు. వాళ్ళు దాన్ని ఏమనుకొన్నారో చివరి పాదమే చెబుతుంది.

కాణిపాకం:

ఈ సవరణను నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను. పంతులు గారు ఇతరుల పద్యం మీద చూపే శ్రద్ధలో సగం తమ రెండవ పాదం మీద చూపి ఉంటే, డ్రోను చర్చకు అవసరమే కలిగేది కాదు.

అలిపిరి:

సవరణను స్వీకరిస్తున్నాను. ‘దడిసి’తో యతి కూడా చక్కగా నిలిచింది. పంతులు గారికి కృతజ్ఞతలు.

కాణిపాకం:

నా పూరణ:

పటము వాఁగులో విసరె నీ పాడువాఁడు;
దిక్కుఁ జూపించు ముల్లునుఁ దిరుగుడయ్యె;
తప్పు మనదయ్యె, నిందింపఁ దగునె యడవి?
దయ్యమే దారి చూపెను దప్పిపోఁగ?

1999 నాటి మొదటి సినిమాలో నన్ను అన్నిటికంటె ఎక్కువగా భయపెట్టింది గుడారం బయటి అడుగుల చప్పుడు కాదు, చెట్లకు వేలాడే పుల్లల బొమ్మలూ కావు. ముగ్గురిలో ఒకడు విసుగెత్తి దారి పటాన్ని వాగులో పారేశానని నవ్వుతూ చెప్పే ఘట్టం. ఆ తరువాత రోజంతా దక్షిణంగా నడిచి, సాయంత్రానికి పొద్దున్న దాటిన దుంగ దగ్గరికే వస్తారు. అక్కడ దయ్యం పని ఎంత, వాళ్ళ పని ఎంత? కాకువుతో, అంటే ప్రశ్న ధ్వనించే గొంతుతో, చదివితే చివరి పాదం ఆ ప్రశ్ననే అడుగుతుంది.

పీలేరు పంతులు:

ప్రశ్నగా మార్చడం పాత ఉపాయమే అయినా, ఇక్కడ ఆ ఉపాయానికి కథలోనే ఆధారం ఉంది కాబట్టి పాతదనిపించలేదు. ‘ఈ పాడువాఁడు’ అన్నది స్నేహితులు తిట్టుకొనే మాట. దానితో పద్యమంతా వాగు ఒడ్డున నిలబడి పోట్లాడుకుంటున్న వాళ్ళ గొంతులోకి వచ్చింది. ‘తిరుగుడయ్యె’ మాత్రం బలవంతంగా ఉంది. ముల్లు తిరగడం దాని స్వభావం. తిరిగి నిలవకపోవడమే చేటు. ఆ సినిమాలో దిక్సూచి చెడిపోయినట్లు కూడా ఎక్కడా లేదు. వాళ్ళు దాన్ని నమ్మే నడిచారు, నమ్మినా పాత చోటికే వచ్చారు. అదే అసలు భయం.

కాణిపాకం:

ఆ మాట ఒప్పుకోవలసినదే. ‘దిక్కుఁ జూపించు ముల్లునే తిరిగి తిరిగి’ అని మార్చి, ముల్లునే నమ్మి తిరిగి తిరిగి వచ్చామన్న భావం తెస్తాను. అప్పుడు మూడవ పాదంలోని ‘తప్పు మనదయ్యె’ కొంత మెత్తబడుతుంది, ప్రశ్న మాత్రం మరింత పదునెక్కుతుంది.

స్వర్ణముఖి:

ఇంతవరకు వచ్చిన పూరణలన్నీ దారి గురించి వచ్చాయి. కొనసాగింపు గురించి ఎవరూ వ్రాయలేదు కాబట్టి నేను ప్రయత్నించాను.

మొదటి భాగమ్ము చూచియు మూర్ఖు లగుచు
రెండవది తీయ వచ్చిరి రేయి వనికి;
తామె కడపటి రీలుగఁ దాఁగినారు;
దయ్యమే దారి చూపెను దప్పిపోఁగ.

ఈ కథకు 2000లోనే ఒక రెండవ భాగం వచ్చింది. మొదటి సినిమా చూసి ఆ అడవిని చూడాలని వచ్చిన యాత్రికులు అందులోని పాత్రలు. ఒక రాత్రి కొన్ని గంటలు వారికి గుర్తు ఉండవు. తాము ఏమి చేశారో తమ వీడియో టేపుల్లో చూసుకొని తెలుసుకోవలసి వస్తుంది. చూడటానికి వచ్చినవాళ్ళే చూపబడే వస్తువులు కావడం నన్ను విడువలేదు.

అలిపిరి:

‘తామె కడపటి రీలుగఁ దాఁగినారు’ అన్న పాదం కోసమైనా ఈ సమస్య ఇచ్చినందుకు నిర్వాహకులకు నమస్కరించాలి. రీలులో దాగినవారు ఉన్నారు గాని లేరు. దొరుకుతారు గాని తిరిగి రారు.

పీలేరు పంతులు:

నా పూరణలో నేను ‘పిలిచిన దెవ్వరో’ అని చెప్పి వదిలేసినదాన్ని స్వర్ణముఖి గారు పూర్తి చేశారు. పిలిచినదీ పిలుపు విన్నదీ ఒక్కటే అని ఆ మూడవ పాదంతో తేలిపోయింది. ఇందులో నాకు నచ్చనిది ‘మూర్ఖు లగుచు’ ఒక్కటే. మొదటి భాగాన్ని ప్రేమించి వచ్చినవాళ్ళను మూర్ఖులంటే, చదివేవాడు వాళ్ళ వెంట అడవిలోకి నడవడు. గట్టున నిలబడి చూస్తాడు. ‘మొదటి భాగమ్ము చూచియు ముచ్చటపడి’ అంటే యతికి లోటు లేదు, వాళ్ళ మీద మనకు జాలీ మిగులుతుంది.

కాణిపాకం:

‘ముచ్చటపడి’కి నా ఓటు కూడా వేస్తున్నాను. పంతులు గారితో ఒకే చర్చలో రెండుసార్లు ఏకీభవించడం మన సభ్యులు గమనించే ఉంటారు.

స్వర్ణముఖి:

‘ముచ్చటపడి’ని తీసుకుంటున్నాను, అయితే ‘చూచియు’లోని ‘యు’ ఇక నిలవదు. చూసి కూడా వచ్చారనడానికి మూర్ఖత్వం కావాలి. ముచ్చటపడినవాళ్ళు చూసినందువల్లనే వచ్చారు. కనుక మొదటి పాదాన్ని ‘మొదటి భాగమ్ముఁ జూడఁగ ముచ్చటపడి’ అని మార్చుతున్నాను. మిగిలిన పాదాలు అలాగే ఉంటాయి.