కొత్త ల్యాప్‌టాప్‌లో షేర్డ్ ఫోల్డర్ తెరుచుకోవట్లేదు, ఎవరైనా చెప్పండి

గుంటూరు అకౌంట్స్: పొద్దున్నుంచీ దీంతోనే సరిపోయింది. పాత సిస్టమ్‌లో ఉన్న ఫోల్డర్ మిగతావాళ్లకి వస్తోంది, కొత్త ల్యాప్‌టాప్‌కే రావట్లేదు. రౌటర్ రీస్టార్ట్ చేశా, కేబుల్ మార్చా, ఫైర్‌వాల్ కూడా ఆపా. సాయంత్రంలోగా జీఎస్టీ రిటర్న్ వేయాలి.

పోర్ట్ 445: ఎర్రర్ ఏంటి?

చిన్న నెట్: విండోస్ ఫీచర్స్‌లో ఎస్ఎంబీ 1 (ఫోల్డర్ షేరింగ్‌కి విండోస్ వాడిన పాత పద్ధతి) ఆన్ చేసి రీస్టార్ట్ కొట్టండి బ్రదర్.

ఆర్‌జే 45: దయచేసి ఆ పని చేయకండి. 2017 మేలో వన్నాక్రై (ఫైళ్లకి తాళం వేసి డబ్బులడిగే వైరస్) పాకింది ఎస్ఎంబీ 1 లోపం పట్టుకునే. మార్చిలోనే ప్యాచ్ వచ్చినా వేసుకోనివాళ్లే ఎక్కువ మునిగారు. విస్టా నుంచీ ఎస్ఎంబీ 2 ఉంది. ఎక్స్‌పీ లాంటి పాతవి ఉంటే తప్ప 1తో పనే లేదు.

చిన్న నెట్: పాత స్కానర్లు ఫోల్డర్‌లోకి పంపాలంటే అదే కావాలి కదా సార్.

ఆర్‌జే 45: చాలా స్కానర్లలో ఎఫ్‌టీపీ (ఫైళ్లు పంపే మరో పద్ధతి) ఉంటుంది, అది వాడుకోవచ్చు.

గుంటూరు అకౌంట్స్: అయ్యా, నాది స్కానర్ కాదు! ఎర్రర్ ఏంటంటే, మా సంస్థ సెక్యూరిటీ పాలసీ గెస్ట్ యాక్సెస్‌ని ఆపుతోందట. మేం ముగ్గురమే, పాలసీ ఎవరు పెట్టారు?

రాత్రి డ్యూటీ: ఎవ్రీవన్‌కి ఫుల్ కంట్రోల్ ఇచ్చేయండి, అయిపోతుంది.

పోర్ట్ 445: అవ్వదు. ఆపుతున్నది ల్యాప్‌టాప్, ఫోల్డర్ కాదు. ల్యాప్‌టాప్ విండోస్ 11 ప్రో, 24హెచ్2 వెర్షనేనా? పాత సిస్టమ్‌లో పాస్‌వర్డ్ ప్రొటెక్టెడ్ షేరింగ్ ఆఫ్‌లో ఉందా?

గుంటూరు అకౌంట్స్: రెండూ అవునండీ. మా షేరింగ్‌కి పాస్‌వర్డ్ ఎప్పుడూ లేదు.

పోర్ట్ 445: అదే కారణం. ప్రోలో పాస్‌వర్డ్ లేని గెస్ట్ లాగిన్‌ని విండోసే ఆపుతుంది. పాత సిస్టమ్‌లో సెట్టింగ్స్, అకౌంట్స్‌లోకి వెళ్లి మైక్రోసాఫ్ట్ అకౌంట్ లేకుండా ఒక లోకల్ యూజర్ పెట్టండి. పాస్‌వర్డ్ తప్పనిసరి, ఖాళీగా వదిలితే నెట్‌వర్క్ మీంచి రానివ్వదు. ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో షేరింగ్ పర్మిషన్స్‌లో ఆ యూజర్‌కి చేంజ్, సెక్యూరిటీ ట్యాబ్‌లో మాడిఫై ఇవ్వండి. రెండింట్లో ఏది తక్కువైతే అదే చెల్లుతుంది. ఇక ల్యాప్‌టాప్‌లో క్రెడెన్షియల్ మేనేజర్ (పాస్‌వర్డ్‌లు దాచే చోటు) తెరిచి, విండోస్ క్రెడెన్షియల్స్‌లో పాత సిస్టమ్ పేరు ఇవ్వండి; యూజర్ దగ్గర సిస్టమ్ పేరు, వెనక్కి వాలిన గీత (\), యూజర్ పేరు వరసగా రాసి, కింద ఆ పాస్‌వర్డ్ ఇవ్వండి. ఐపీతో తెరిచేట్టయితే క్రెడెన్షియల్ కూడా ఐపీ పేరు మీదే ఉండాలి. పాస్‌వర్డ్ బదులు విండోస్ పిన్ పనిచేయదు. ఫైర్‌వాల్ మళ్లీ ఆన్ చేయండి, నెట్‌వర్క్ ప్రైవేట్‌లో ఉంటే చాలు.

రాత్రి డ్యూటీ: ఇంత కష్టం ఎందుకు? రిజిస్ట్రీలో గెస్ట్ లాగిన్ అనుమతించే ఎంట్రీకి 1 పెడితే సరి.

ఆర్‌జే 45: సరిపోదు. 24హెచ్2 ప్రోలో సైనింగ్ (పంపే డేటాకి డిజిటల్ సంతకం) కూడా తప్పనిసరి. గెస్ట్‌కి సైనింగ్ కుదరదు, అదీ సడలించాలి. ఒక ఫోల్డర్ కోసం రెండు తాళాలు తీస్తారా? పైగా వైఫైలోకి వచ్చిన ప్రతివాడూ ఆ లెడ్జర్లు చూడొచ్చు.

రాత్రి డ్యూటీ: ముగ్గురున్న ఆఫీసుకి అంత భయమా?

ఆర్‌జే 45: క్లయింట్ల పాన్ నంబర్లు ఉన్న ఆఫీసుకి అవసరమే.

గుంటూరు అకౌంట్స్: యూజర్ పెట్టా, వచ్చింది. మిగతా ఇద్దరికీ పాస్‌వర్డ్ అడుగుతుందా?

పోర్ట్ 445: ఇప్పటికి అడగదు. వాళ్ల సిస్టమ్స్‌లో కూడా క్రెడెన్షియల్ సేవ్ చేశాక, పాత సిస్టమ్‌లో పాస్‌వర్డ్ ప్రొటెక్టెడ్ షేరింగ్ ఆన్ చేయండి.

గుంటూరు అకౌంట్స్: సరే, థాంక్సండీ.

చిన్న నెట్: ఆ స్కానర్ ఎఫ్‌టీపీ ఎలా పెట్టాలో కూడా చెప్పండి ఎవరైనా.