మిగ్-25 ముక్కులో నిజంగానే రేడియో వాల్వులా?

ప్లాస్టిక్‌రెక్కలు:
సోవియట్ యుద్ధవిమానం మిగ్-25 ప్లాస్టిక్ మోడల్ కిట్ (1/72 సైజు) అతికిస్తున్నాను. డెకాల్ షీట్‌లో (విమానం మీద అంటించే గుర్తుల కాగితం) ఎర్ర 31 నంబరు ఉంది. 1976 సెప్టెంబరు 6న సోవియట్ పైలట్ బెలెంకో దేశం వదిలి పారిపోతూ జపాన్‌లోని హకోదాతేకు తీసుకుపోయి దించిన విమానం అదే. ముక్కు కింద అతికించడానికి బుడిపె లాంటి చిన్న ముక్క ఇచ్చారు. 31కి అది ఉండాలా, వద్దా? ఇంకో సంగతి. దాని రాడార్ నిండా రేడియో వాల్వులే (పాత రేడియోల్లో ఉండే గాజు వాక్యూమ్ గొట్టాలు) ఉంటే, విప్పి చూసిన అమెరికా వాళ్లు నవ్వుకున్నారని చదివాను. అంత వేగంగా పోయే విమానంలో వాల్వులేంటండీ?

గాలిపటం77:
వేగం తప్ప ఏమీ లేని ఇనప పెట్టె బ్రదర్ అది. ఒళ్లంతా స్టీలు, అక్కడక్కడా రివెట్ల తలలు కూడా బయటికే. ఇక రాడార్ గురించి అడగాలా?

పాతవాల్వు:
గాలిపటం గారూ, కొంచెం ఆగండి. రిటైరయ్యేదాకా నేల మీది రాడార్ ట్రాన్స్‌మిటర్లు బాగుచేసినవాణ్ణి. వాల్వుల్ని ఎవరైనా తేలిగ్గా తీసేస్తే నాకు ఒళ్లు మండుతుంది, ముందే చెబుతున్నా.

స్టీలు సంగతి ముందు. మాక్ 2.8 (ధ్వని వేగానికి 2.8 రెట్లు) దగ్గర గాలి రాపిడికి విమానం ఒళ్లు కాలిపోతుంది, ఆ వేడికి మామూలు అల్యూమినియం నిలవదు. టైటానియంతో పని కష్టం. అందుకే దాదాపు 80 శాతం నికెల్ స్టీలు పెట్టి వెల్డింగ్ చేశారు. రివెట్ల తలలు వదిలేసింది గాలికి పెద్దగా అడ్డురాని చోట్లే.

ఇక రాడార్. పేరు స్మెర్చ్-ఏ, అంతకుముందు తు-128 అనే సోవియట్ యుద్ధవిమానానికి చేసిన స్మెర్చ్ వంశమే. పవర్ సుమారు 600 కిలోవాట్లు. శత్రువు అడ్డు సిగ్నళ్లతో జామింగ్ చేసినా దాన్ని దాటుకుని చూడాలన్నది లెక్క. ఆ రోజుల్లో అంత మైక్రోవేవ్ పవర్ ఇచ్చే ట్రాన్సిస్టర్ ఎవరి దగ్గరా లేదు. నవ్విన అమెరికా వాళ్ల ఎఫ్-15 ఫైటర్ రాడార్ ట్రాన్స్‌మిటర్‌లో ఉన్నదీ వాక్యూమ్ గొట్టమే! అణుబాంబు పేలినా తట్టుకోవాలని కావాలనే వాల్వులు పెట్టారని కొందరంటారు. నాకైతే అది తర్వాత అతికించిన గొప్పలా అనిపిస్తుంది. డిజైన్ మొదలైన నాటికి నమ్మకంగా పనిచేసేవి వాల్వులే, అంతే.

పైగా వాల్వు చచ్చిపోతే మొహం చూస్తే తెలుస్తుంది. గాజు లోపల అద్దంలా మెరిసే పూత ఉంటుంది. అది పాలలా తెల్లబడిందంటే లోపలికి గాలి దూరిందన్నమాట. మీటరు కూడా అక్కర్లేదు, లాగేసి కొత్తది గుచ్చడమే. చచ్చిన చిప్పు ఏనాడూ అంత మర్యాదగా చెప్పలేదు నాకు.

అసలు లోపం వేరే ఉంది. స్మెర్చ్ కిందికి చూడలేదు. రాడార్‌ను నేల వైపు తిప్పితే పొలాలు, కొండలు, ఇళ్లు అన్నీ ప్రతిధ్వని పంపిస్తాయి, ఆ గోలలో విమానం కలిసిపోతుంది. కదిలేవాటిని విడదీయాలంటే, తిరిగొచ్చిన తరంగంలో మార్పును బట్టి కదలికను పట్టే డాప్లర్ ప్రాసెసింగ్ కావాలి, అది ఇందులో లేదు. ఎందుకంటే పుట్టించింది అమెరికా బి-70 లాంటి ఎత్తున, వేగంగా వచ్చే బాంబర్ల కోసం. పైన ఆకాశంలో నేల గోల ఉండదు కదా. నేల మీది కంట్రోలర్లు డేటాలింక్‌తో దారి చూపిస్తారు, పైలట్ దగ్గరికి వెళ్లి రాడార్ వేసి ఆర్-40 క్షిపణి వదులుతాడు. తీరా బాంబర్లు నేలకు ఆనుకుని రావడం మొదలుపెట్టాయి.

గాలిపటం77:
ఆ పాయింట్ ఒప్పుకుంటా అంకుల్. మరి ఆల్కహాల్ కథ?

పాతవాల్వు:
రాడార్‌ను చల్లబరచడానికి నీళ్లు, ఆల్కహాల్ కలిపి వాడేవారు. స్క్వాడ్రన్లలో అది ఎలా ఆవిరయ్యేదో నన్ను అడక్కండి.

మూడోమాక్:
కథ అక్కడితో ఆగలేదు. బెలెంకో పోయాక రాడార్ గుట్టంతా బయటపడింది కాబట్టి సోవియట్లు సఫీర్-25 అనే కొత్త రాడార్‌తో మిగ్-25పీడీ తెచ్చారు. దానికి కిందికి చూసే సత్తా వచ్చింది. అసలు దెబ్బ దాని వారసుడు మిగ్-31. 1981లో సర్వీసుకొచ్చిన దాని జస్లోన్ రాడార్‌లో పళ్లెం తిరగదు, కిరణాన్నే ఎలక్ట్రానిక్‌గా తిప్పుతుంది. ఫైటర్ విమానంలో ఫేజ్డ్ అరే రావడం ప్రపంచంలో అదే మొదలు. ఒకేసారి 10 లక్ష్యాలను పట్టుకుని, 4 మీద ఆర్-33 క్షిపణులు వదలగలదు. అదంతా చూసుకోవడానికి వెనక సీట్లో వేరే మనిషి.

ప్లాస్టిక్‌రెక్కలు:
అందరికీ థాంక్స్. మరి నా బుడిపె?

మూడోమాక్:
అది ఇన్‌ఫ్రారెడ్ సెన్సార్, పీడీతో వచ్చింది. బెలెంకోది పాత మిగ్-25పీ. అతికించకండి.

ప్లాస్టిక్‌రెక్కలు:
నిన్న రాత్రే అతికించేశాను సర్. బ్లేడుతో గీకుతున్నా.